మందుకు ఐదు స్టార్లు, మాటకు రెండు: ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద ఒక మెడికల్ షాపువాడి రివ్యూ

పల్నాడులో ఓ మండల కేంద్రంలో నాకు మెడికల్ షాపు ఉంది. బస్టాండుకి ఎదురుగా, టీ కొట్టుకీ సెల్ రీఛార్జి షాపుకీ మధ్యలో. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు, అదే స్టూలు. జనం ఫోన్లకీ మిక్సీలకీ బిర్యానీకీ రివ్యూలు రాస్తుంటారు. నేను మాత్రం మా షాపులో అతి తక్కువ లాభం మిగిల్చే సరుకు గురించి రాస్తున్నాను. ఒక కంపెనీ ప్యాకెట్ గురించి కాదు. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్న, విరేచనాలైనప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొడి ఎవరు తయారు చేసినా ఒకటే, నా మెచ్చుకోళ్లూ ఫిర్యాదులూ అన్నింటికీ వర్తిస్తాయి.

ముందు మందు సంగతి. లీటరు నీళ్లకి సరిపడే ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. అంతే. డీఫార్మసీలో ఇది చదువుకున్నప్పుడు ఇందులో అంత గొప్పేముందో నాకు అర్థం కాలేదు. పేగులో ఉప్పుకీ గ్లూకోజుకీ కలిపి ఒక తలుపుంది. రెండూ జతగా వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటి వెనకాలే నీళ్లు ఒంట్లోకి వెళతాయి. కలరా వచ్చి మనిషి గంటకో లీటరు నీళ్లు పోగొట్టుకుంటున్నా ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. గ్లూకోజు మరీ ఎక్కువ పోస్తే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది, ఒంట్లో నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. కాబట్టి ఇక్కడ కొలతే మందు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా పడితే, ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కొలిచి డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట చావులు 3.6 శాతానికి దిగాయి. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక, ఈ శతాబ్దంలో వైద్యం వేసిన అతి ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చని రాసింది. ఆయన 2022లో పోయాడు, ఆ మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. మందుకి ఐదు స్టార్లు. దాని మీద నాకే పేచీ లేదు.

పేచీ అంతా ప్యాకెట్ మాట్లాడే తీరుతో.

మా కౌంటరు దగ్గర ఒక ఆదివారం రాత్రి. పాతికేళ్ల కుర్రాడు బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే, "అన్నా, బాబుకి మోషన్స్. ఆగిపోవడానికి ఏదైనా ఇవ్వు" అన్నాడు. పొడి ప్యాకెట్ తీసి పెట్టాను. "ఇది కాదన్నా, మందివ్వు" అన్నాడు. ఈ ముక్క నేను ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. ఇది మందు కాదు, మందుతో పాటు ఇచ్చే తీపి నీళ్లు. అందరి మనసులోనూ అదే ఉంది. తప్పు వాళ్లది కాదు. వాళ్లకి కావలసింది విరేచనాలు ఆగడం. ఈ పొడి విరేచనాల్ని ఆపదు, మనిషిని నిలబెడుతుంది. ఆ సంగతి ప్యాకెట్ మీద ఎక్కడా లేదు. ఒకటిన్నర లీటరు తాగించాక కూడా పిల్లాడికి మళ్లీ మోషన్ అయితే, "పనిచేయలేదు" అని పక్కన పెట్టేస్తారు. కొందరైతే "నీళ్లు తాగించే కొద్దీ ఎక్కువవుతున్నాయి" అని నీళ్లే మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడే.

ఇక మాట. సర్కారు పోస్టర్ల మీద "అతిసారం" అని రాస్తారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో జనం మంచాన పడ్డప్పుడు పేపర్లన్నీ "అతిసారం" అనే రాశాయి. ఈ ఇరవై రెండేళ్లలో మా కౌంటరు దగ్గర ఆ మాట అన్నవాడు ఒక్కడు లేడు. నీళ్ల విరేచనాలు, జిగట విరేచనాలు, లూజ్ మోషన్స్, కడుపు పాడైంది, పళ్లొస్తున్నాయి కదా అందుకే, వేడి చేసింది, దిష్టి తగిలింది అంటారు. పళ్లొచ్చేటప్పటి విరేచనాలకి మందక్కర్లేదన్నది మా ఊళ్లో అమ్మమ్మలందరూ ఏకగ్రీవంగా పాస్ చేసిన తీర్మానం. ఆ అమ్మమ్మ కంటికి పోస్టర్ మీది అతిసారం ఎవరిదో జబ్బు, తన మనవడిది కాదు.

హైదరాబాద్‌లో ప్రజారోగ్యం చదువుతున్న మా అమ్మాయికి ఇది చెబితే నవ్వి, బంగ్లాదేశ్ కథ చెప్పింది. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ రివ్యూ రాయాలన్న ఆలోచన అందులోంచే వచ్చింది.

అక్కడ బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు గడప గడపకీ ఆడ కార్యకర్తల్ని పంపి, కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకి నేర్పించింది. ప్యాకెట్ కూడా కాదు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. నెల రోజుల తర్వాత వేరేవాళ్లు వెళ్లి కొన్ని ఇళ్లలో తల్లుల్ని అడిగేవాళ్లు. ఎంత గుర్తుంది, కలిపి చూపించగలరా అని. వాళ్లకొచ్చే మార్కుల్ని బట్టే నేర్పిన కార్యకర్తకి జీతం! మన దగ్గర ట్యూషన్ మాస్టారికి ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తల్లులు బాగా నేర్చుకున్నారు, ల్యాబులో పరీక్షిస్తే కొలత కూడా సరిపోయింది. ఆ తర్వాత చూస్తే, పిల్లలకి విరేచనాలైనప్పుడు వాడేవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది.

అప్పుడు మనుషుల మాటల్నీ నమ్మకాల్నీ చదివే పరిశోధకుల్ని పంపారు. ఊళ్లలో కూర్చుని వింటే తేలిందేమిటంటే, అక్కడివాళ్లకి విరేచనాలు ఒక జబ్బు కాదు, నాలుగు. పాలు తాగే పిల్లలకి అయ్యేది "దూద్ హాగా". అరగక అయ్యేది "అజీర్ణ". జిగట పడేది "ఆమాశా". కలరాలా ధారగా పోయేది మాత్రమే "డైరియా". కార్యకర్తలు "డైరియాకి ఇది తాగించండి" అని నేర్పారు. తల్లులు అక్షరాలా పాటించారు, డైరియాకే తాగించారు. మిగతా మూడూ డైరియా కాదుగా! ఇంకో సంగతి కూడా బయటపడింది. నేర్పించిన కార్యకర్తల్లోనే చాలామందికి దాని మీద గురి లేదు, తమకి విరేచనాలైతే వాళ్లు బిళ్లలే వేసుకునేవాళ్లు. మగవాళ్లకి అసలెవరూ చెప్పలేదు, కానీ మందులు కొని తెచ్చేది వాళ్లే. అంతా సర్దుకున్నారు. నాలుగు పేర్లూ చెప్పి నేర్పారు. కార్యకర్తల్ని ఢాకా కలరా ఆస్పత్రి ల్యాబుకి తీసుకెళ్లి ఇది ఎలా పనిచేస్తుందో చూపించారు, తల్లుల ముందు వాళ్లనీ ఓ గుక్క తాగమన్నారు. మసీదుల దగ్గరా సంతల్లోనూ మగవాళ్లని కూర్చోబెట్టి చెప్పారు. ఈరోజు ఓఆర్‌ఎస్ వాడకంలో ముందు వరుసలో ఉన్న దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి.

ఆ "మగవాళ్లు" అన్న చోట నేను ఆగిపోయాను. నా కౌంటరు దగ్గరికి వచ్చేది మొగుడో మామగారో. ఇంట్లో కలిపేది ఆడవాళ్లు. నేను చెప్పింది బండి మీద ఇల్లు చేరేలోపే సగం దారిలో కారిపోతుంది. "ఏదో నీళ్లలో కలపమన్నాడు" అన్నంత వరకు చేరితే గొప్ప.

దాని ఫలితం చెబుతా. ఓసారి ఒకావిడ మళ్లీ ప్యాకెట్ కోసం వచ్చింది. "మొన్నటిది ఎలా కలిపారమ్మా" అని అడిగితే, "గ్లాసులో మొత్తం పోశాను, పిల్లాడు ఉప్పగా ఉందని ఉమ్మేశాడు" అంది. లీటరు పొడి ఒక్క గ్లాసులో! ఉప్పు అంత చిక్కగా లోపలికి పోతే పిల్లలకి ప్రమాదం, ఉమ్మేసి మంచి పని చేశాడు. ప్యాకెట్ మీద ఒక లీటరు నీళ్లు అని రాసే ఉంది, కనపడీ కనపడని అక్షరాల్లో, ఇంగ్లీషులో, హిందీలో. తెలుగులో రాసినా లీటరంటే ఏ గిన్నె? మన వంటింట్లో చెంబు ఉంది, గ్లాసు ఉంది, సోల ఉంది. లీటరు గిన్నె ఎవరింట్లో ఉంది?

ఆఫ్రికాలో జాంబియాలో ఈ చిక్కుని ప్యాకింగ్‌తోనే విప్పారు. మారుమూల పల్లెలకి కూడా కూల్‌డ్రింకు చేరుతోంది కదా, ఆ సీసాల మధ్య ఖాళీల్లో ఓఆర్‌ఎస్ పెట్టి పంపితే పోలా అని ఒక ఇంగ్లీషాయన మొదలుపెట్టాడు. పెట్టెల్లో పెట్టి పంపే ఆలోచన అంతగా సాగలేదు గానీ, దానికోసం చేసిన డబ్బా నిలబడింది. కిట్ యమోయో అని పేరు. లోపల 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు, జింక్ బిళ్లలు, సబ్బు. ఆ డబ్బాయే కొలత గ్లాసు, గీత దాకా నీళ్లు పోస్తే చాలు. లీటరు ప్యాకెట్‌తో నూటికి అరవై మంది సరిగ్గా కలిపితే, ఈ డబ్బాతో 93 మంది కలిపారు. పొడి మారలేదు. ఏ గిన్నె అన్న ప్రశ్న పోయింది, అంతే.

నేను ప్యాకింగ్ మార్చలేను. కౌంటరు మీద ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఒకటి పెట్టాను. "ఇలాంటి బాటిల్ నిండా నీళ్లు, ప్యాకెట్ మొత్తం. కలిపింది ఒక రోజే, మర్నాడు పారబొయ్యండి. మళ్లీ మరిగించొద్దు, పాలల్లో కలపొద్దు, పంచదార వెయ్యొద్దు" అని కవరు మీద స్కెచ్‌పెన్నుతో రాస్తాను, ఇంట్లో ఆవిడ చదువుకునేలా. రెండేళ్ల లోపు పిల్లలకి మోషన్ అయిన ప్రతిసారీ అర టీగ్లాసు, పెద్ద పిల్లలకి ఒక గ్లాసు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ చెంచాతో. తల్లిపాలు ఆపకూడదు. కళ్లు గుంటలు పడ్డా, ఒంటేలు రాకపోయినా, పిల్లాడు మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, రక్తం పడినా నా షాపుకి కాదు, నేరుగా ఆస్పత్రికి.

మా అమ్మాయి ఇంకో పద్ధతి నేర్పింది. చెప్పాక, వాళ్లచేత తిరిగి చెప్పించమంది. మొదటి రోజే ఒక పెద్దాయనకి కోపం వచ్చింది. "ఏం బాబూ, నాకు పరీక్ష పెడుతున్నావా?" అన్నాడు. ఫోన్ చేసి చెబితే, "అలా కాదు నాన్నా, పరీక్ష నీకన్నట్టు అడుగు" అంది. ఇప్పుడు, "నేను గబగబా చెప్పేశాను, సరిగ్గా చెప్పానో లేదో. ఇంట్లో అమ్మాయికి మీరెలా చెబుతారో ఒకసారి అనండి" అంటున్నాను. కోపం రావట్లేదు. సగంమంది తప్పు చెబుతున్నారు. అంటే ఇన్నేళ్లూ సగంమంది తప్పుగా విని వెళ్లారన్నమాట. ఈ లెక్క తేలాక ఆ రాత్రి నాకు సరిగ్గా అన్నం సయించలేదు.

సరే, నా తప్పుల దగ్గరికి వస్తాను. 2024లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కర్ణాటక, బీహార్‌లలో 253 పట్టణాల్లో, ప్రైవేటుగా వైద్యం చేసే రెండు వేల మందికి పైగా దగ్గరికి నటుల్ని పంపారు. "మా రెండేళ్ల పిల్లాడికి విరేచనాలు" అని వాళ్లు తండ్రుల్లా చెప్పాలి. కొందరు ఏమీ అడగరు. కొందరు ఫోన్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఫొటో చూపించి ఇదివ్వమంటారు. ఓఆర్‌ఎస్ ఎందుకు రాయట్లేదో పట్టుకోవడమే పని. స్టాకు లేకనా? అది 6 శాతమే. యాంటీబయాటిక్‌లో లాభం ఎక్కువనా? అది 5 శాతం. పేషెంటుకి ఓఆర్‌ఎస్ ఇష్టముండదని డాక్టరు అనుకోవడం? 42 శాతం. నోరు తెరిచి అడిగితే చాలు, రాసిచ్చేవాళ్లు నూటికి మరో 27 మంది పెరిగారు.

నన్నెవరో అద్దం ముందు నిలబెట్టినట్టయింది. హెల్మెట్ కుర్రాడికి ఆ రాత్రి నేనేం చేశానో రాయలేదు కదూ. "ఇది కాదన్నా" అనగానే ప్యాకెట్ లోపల పెట్టేశాను. ఇంకో మాట చెప్పలేదు. వాళ్లకి నచ్చదు, వాదిస్తే పక్క షాపుకి పోతారు అనుకున్నాను. మా ఊరి ఆర్‌ఎంపీ కూడా ఇదే అంటాడు. "పొడి రాస్తే నన్ను డాక్టరనుకోరు బాబాయ్, సూదో సెలైనో ఉండాలి" అని. జనానికి ఇష్టం లేదని మేమనుకుంటాం, మేమివ్వలేదు కాబట్టి అవసరం లేదని జనం అనుకుంటారు. మధ్యలో పిల్లాడి నాలుక ఎండిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది నూటికి అరవై మందికే. మిగతా నలభై మందిలో నేను వెనక్కి పెట్టేసిన ప్యాకెట్లు ఎన్నున్నాయో.

ఇంకా పెద్ద తప్పు ఫ్రిజ్‌లో ఉండేది. ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో కలిపేసుకున్న తీపి డ్రింకుల టెట్రా ప్యాకెట్లు. ఆపిల్ బొమ్మ, నారింజ బొమ్మ. "ఓఆర్‌ఎస్ ఇవ్వన్నా, ఆపిల్‌ది" అని అడిగేవాళ్లు, నేనిచ్చేవాణ్ణి. మార్జిన్ బాగుండేది, పిల్లలు ఇష్టంగా తాగేవాళ్లు. కొన్నింటిలో లీటరుకి వంద గ్రాములు దాటి చక్కెర, పొడిలో ఉండాల్సింది 13.5. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడింది, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేసింది. ఆ ఏడాది జులైలో ఆహార పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేర్లకి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. "ఇది డబ్ల్యూహెచ్‌ఓ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు" అని లేబుల్ మీద రాయాలని. రాశారు కూడా. నేనమ్మినన్నాళ్లలో ఆ లైను చదివి వెనక్కిచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. వేలెడు అక్షరాల్లో అవునని చెప్పి, చీమంత అక్షరాల్లో కాదంటే, మనిషి కన్ను వేలెడు అక్షరాన్నే నమ్ముతుంది. 2025 అక్టోబరులో ఆ అనుమతి ఎత్తేశారు. పేరులో ఎక్కడా ఆ మాట ఉండకూడదన్నారు. ఆ డాక్టరమ్మ కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడిన వీడియో మా షాపు కుర్రాడే నాకు చూపించాడు. అమ్మిందెవరో వాడికి తెలుసు, ఏమీ అనలేదు.

జింక్ గురించి క్లుప్తంగా. ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు వెయ్యాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకి 10. మూడోరోజు మోషన్స్ ఆగగానే మానేస్తారు. రెండూ ఒకే అట్టపెట్టెలో వస్తే ఈ బాధ కొంత తగ్గుతుంది. మాకు విడివిడిగానే వస్తాయి.

చివరికి నాకు బాగా పనికొచ్చినది, మళ్లీ బెంగాల్ నుంచే. మహలనబీస్ శిబిరంలో కూడా జనం సెలైనే కావాలన్నారట. ఇది కూడా సెలైనే, నోటితో తాగేది అని వాళ్లకి చెప్పారు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ దాన్ని "ఖాబార్ శాలైన్" అనే అంటారు. మనవాళ్లకి సెలైన్ అంటే ఉన్న గురి నేను చెప్పాలా? నీరసమొస్తే సెలైన్, పెళ్లిలో అలసిపోతే సెలైన్. అందుకని నేనూ పొడి అనడం మానేశాను. "తాగే సెలైన్ ఇస్తున్నా, మోషన్ని ఆపదు, మనిషిని ఎండిపోనివ్వదు, మోషన్ మామూలుగా కొద్ది రోజుల్లో దానంతటదే ఆగుతుంది" అంటున్నాను. ప్యాకెట్ వెనక్కి నెట్టేవాళ్లు బాగా తగ్గారు.

కాబట్టి నా రేటింగ్ ఇది. మందుకి అయిదు. ప్యాకెట్ మీది మాటకి రెండు, ఆ రెండూ కొలత రాసినందుకు. అమ్మేవాడికి, అంటే నాకు, రెండున్నర. కొనేవాళ్లు "ఓఆర్‌ఎస్ పొడి ఇవ్వండి" అని పేరు పెట్టి అడగండి, మాలాంటివాళ్ల ఊహాగానాలు ఆగిపోతాయి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు మా స్టాకిస్టు సరిగ్గా పంపట్లేదు, గుంటూరులో ఎవరి దగ్గరైనా రెగ్యులర్‌గా దొరికితే కింద రాయండి.

మొన్న శుక్రవారం ఒక తాత వచ్చాడు. మనవరాలికి విరేచనాలు. తాగే సెలైన్ చేతిలో పెట్టి అంతా చెప్పాను, తిరిగి చెప్పించాను, పొల్లుపోకుండా చెప్పాడు. డబ్బులిస్తూ ప్యాకెట్ తిప్పి ధర చూశాడు.

"ఎక్కించేదానికి వందలు తీసుకుంటారే. ఇదింత చవకేంటి? బలం తక్కువా?"

"రెండూ చేసేది అదే పని తాతా. దీనికి సూది లేదు, మంచం అద్దె లేదు. అందుకే చవక."

కాసేపు ఆలోచించి, ఇంకో ప్యాకెట్ తీసుకున్నాడు. "ఎందుకైనా మంచిది, ఒక బీకాంప్లెక్స్ అట్ట కూడా ఇవ్వు, నాకు" అన్నాడు.

ఇచ్చాను.